ఉల్లక్క చూసుకున్న స్లైడు

ఆ కాలేజీలో ప్రిన్సిపాలుగారి మొహం తెలియని పిల్లలు ఉంటారేమోగానీ, ఉల్లక్కని ఎరగనివాళ్లు మాత్రం లేరు. వృక్షశాస్త్రం ల్యాబులో ఆమె ఇరవై రెండేళ్లుగా అటెండరు. అసలు పేరు హాజరుపట్టీలో ఉంది, ఎవరి నోటా లేదు. ఏటా రెండో సంవత్సరం పిల్లలకి ఉల్లివేరు కొసలో కణాలు ఎలా విడిపోతాయో చూపించే ప్రాక్టికల్ ఉంటుంది. ఆ వేళ్లు పెంచేది ఆమె. ఏ తుంటరి బ్యాచ్ పెట్టిందో ఆ పేరు, అదే నిలిచిపోయింది. మొదట్లో కసురుకునేది. తర్వాత తర్వాత ఫోను ఎత్తితే తనే "హలో, ఉల్లక్కని" అనడం మొదలుపెట్టింది.

ఉల్లిపాయని గ్లాసు మీద కూర్చోబెట్టడం కూడా ఒక పనేనా అని నవ్వేవాళ్లు ఉంటారు. ఓసారి కూర్చోబెట్టి చూడమనండి, తెలుస్తుంది! అడుగున ఎండిపోయిన పాత వేళ్లని బ్లేడుతో గీకాలి. ఎక్కువ గీకితే కొత్తవి పుట్టే చోటే పోతుంది, తక్కువ గీకితే కుళ్లు పడుతుంది. నీళ్లు పాయ అడుగుని ముట్టీ ముట్టనట్టు ఉండాలి. రోజూ మార్చాలి. మూడో రోజుకో నాలుగో రోజుకో తెల్లటి దారాల్లా వేళ్లు దిగుతాయి. వాటిని పొద్దున్న ఏడు లోపు కత్తిరించాలి. ఆ వేళకి కణాలు జోరుగా విడిపోతూ దొరుకుతాయనీ, పొద్దెక్కితే దొరకవనీ ఆమెకి ముందున్న అటెండరు చెప్పి వెళ్లాడు. కత్తిరించినవాటిని ఆల్కహాలూ ఎసిటిక్ ఆమ్లమూ కలిపిన సీసాలో వేస్తే, ఏ కణం ఏ పనిలో ఉందో ఆ పనిలోనే ఆగిపోతుంది. మర్నాడు పిల్లలు దానికి ఎర్రరంగు పట్టించి, కొస మాత్రం కోసి, గాజుపలక మీద పెట్టి, బొటనవేలితో అదిమి సూక్ష్మదర్శిని కింద చూస్తారు.

"కొసరా నాయనా, కొస! ఆ వెనక పుల్లముక్క నీకెందుకు?" అంటూ ఆమె వాళ్ల వెనకాలే తిరిగేది. "వేరంతా పెరగదు. కొసన కణాలు విడిపోతాయి, కాస్త పైన సాగుతాయి, ఇంకాస్త పైన ముదిరిపోయి వాటి పని అవి చూసుకుంటాయి. ఎక్కడ విడిపోతుంటే అక్కడ ప్రాణం ఉన్నట్టు, తెలిసిందా?"

పదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. అయితేనేం, క్రోమోజోములు నడుమన బారుతీరిన కణాన్ని ఆమె వెతికిపెట్టినంత తొందరగా లెక్చరర్ మేడమ్ కూడా వెతకలేదు.

అలాంటి మనిషికి నలభై తొమ్మిదో ఏట ఎడమ దవడ కింద గడ్డ లేచింది.

స్నానం చేస్తుంటే సబ్బు జారి అక్కడ ఆగింది. నొక్కితే కదిలింది. వారానికి గోలీకాయంత అయింది. మామూలుగా అయితే ఎవరైనా భయపడతారు. ఉల్లక్క భయపడింది అనడం తక్కువే, పై ప్రాణాలు పైనే పోయాయి. ఎందుకంటే ఏడేళ్ల కిందట వాళ్లక్క పోయింది ఇలాంటి గడ్డతోనే. మెడ మీదే.

అక్క పోవడం ఒక ఎత్తు, ఆ పద్నాలుగు నెలలు ఉల్లక్క చేసిన పని ఒక ఎత్తు. రోగం సంగతి అక్కకి చెప్పొద్దన్నారు ఇంట్లోవాళ్లు. చెప్తే బెంగతోనే పోతుందన్నారు. పక్కన కూర్చుని అబద్ధం చెప్పే పని మాత్రం ఉల్లక్క నెత్తిన పడింది. "ఏం లేదక్కా, నీరు పట్టింది, మందులకి కరిగిపోతుంది." ఎన్నిసార్లు చెప్పిందో! చెప్పేటప్పుడు మొహం తిప్పుకోకుండా ఉండటానికి నీళ్లసీసా మూత తిప్పుతూ ఉండేది. తాను ఇంత చక్కగా అబద్ధం ఆడగలనని ఆమెకే తెలియదు. అక్క నమ్మిందో, నమ్మినట్టు నటించిందో, ఆ సంగతి ఆవిడతోనే పోయింది.

ఇప్పుడు చెప్పండి, అలాంటి మనిషి ఇంకొకరి "ఏం లేదు"ని ఎలా నమ్ముతుంది?

ఆసుపత్రిలో సూది గుచ్చి గడ్డలోంచి కాస్త తీశారు. రిపోర్టుకి నాలుగో రోజు రమ్మన్నారు. ఆ గురువారం ఆమెకి కాళ్లు రాలేదు. మొగుణ్ని పంపింది. ఆయన సిటీబస్సు డ్రైవరు, మాట తక్కువ మనిషి. మధ్యాహ్నం వచ్చాడు. చెప్పులు విడిచాడు. చొక్కా విప్పి మేకుకి తగిలించాడు. కుండలో నీళ్లు ముంచుకున్నాడు. ఆమె గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"ఏం లేదంట," అన్నాడు గ్లాసులోకి చూస్తూ.

"ఏం లేదంటే?"

"ఏం లేదంటే ఏం లేదనే. వెనక పన్ను పుచ్చింది కదా, దానివల్ల వాచిందంట. పన్ను పీకించుకోమన్నారు."

"నా మొహం చూసి చెప్పండి."

ఆయన చూశాడు. చూసి, "ఏం లేదే," అన్నాడు మళ్లీ. ఆ గొంతూ, ఆ తీరూ, అచ్చం ఉల్లక్కవే. ఏడేళ్ల కిందట అక్క మంచం పక్కన కూర్చున్న ఆడమనిషి ఇప్పుడు మీసాలు పెట్టుకుని ఎదురుగా నిలబడ్డట్టే ఉంది.

రిపోర్టు లాక్కుంది. ఇంగ్లీషులో ఆరు వరసలు. సీసాల మీది చీటీలు చదివి చదివి అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చుగానీ, ఆ మాటలు ఒక్కటీ బుర్రకెక్కలేదు. నాలుగో వరసలో మాత్రం ఒక మాట ఉంది. ఆ మాట ఆమెకి తన పేరుకన్నా బాగా తెలుసు. ల్యాబు గోడ మీద చార్టులో ఉంటుంది, ప్రాక్టికల్ రికార్డు అట్ట మీద ఉంటుంది, మేడమ్ నల్లబల్ల మీద ఏటా రాస్తుంది. మైటోసిస్. కణవిభజన. అక్క రిపోర్టులో కూడా ఆ మాట ఉంది. ఆ రోజు కూడా ఆమెకి తెలిసిన మాట అదొక్కటే.

"ఇది ఎందుకు రాశారు మరి?" వేలు ఆనించి అడిగింది.

"నాకేం తెలుసే? పీకించుకుంటే పోతుందన్నారు, అంతే."

ఆ సాయంత్రం ఆమె రెండుసార్లు గిన్నెలు తోమింది. ఎవరితో చెప్పుకోవాలి? చెప్పుకుంటే ఎవరైనా ఏమంటారు? ఏం లేదనే అంటారు.

శుక్రవారం లెక్చరర్ మేడమ్ పేపర్లు దిద్దుకుంటుంటే, బల్ల తుడుస్తున్నట్టు దగ్గరికి వెళ్లింది.

"మేడమ్, మనుషుల ఒంట్లో కూడా ఈ విభజన ఉంటుందా?"

"ఎందుకుండదు, ఉల్లక్కా?"

"అది ఎక్కువైతే?"

"అదుపు తప్పి విడిపోతూ పోతే అదేగా క్యాన్సర్. రెండు మార్కుల ప్రశ్న. ఇదిగో, ఈ మహానుభావుడు అది కూడా తప్పు రాశాడు చూడు," అని మేడమ్ ఎర్రపెన్నుతో అడ్డంగా కొట్టేసింది.

దవడ కింద గడ్డ సంగతి చెప్పి ఉంటే మేడమ్ పెన్ను పక్కన పెట్టి ఉండేది. మంచి మనిషే. కానీ మంచివాళ్లే కదా అబద్ధం చెప్పేది! ఆ భయంతోనే ఉల్లక్క నోరు మూసుకుని గుడ్డ పిండుకుంది.

ఆ రోజే ఆమెకి ఒక ఆలోచన పుట్టింది. లోకంలో ఇంకెవరికీ పుట్టదు, ఆమెకే పుట్టాలి. మనుషులు అబద్ధం చెప్తారు, స్లైడు చెప్పదు. ఇరవై రెండేళ్లుగా ఊరి పిల్లలందరికీ చూపించాను, నాది నేను చూసుకోలేనా?

మధ్యాహ్నం సెలవు పెట్టి ఆసుపత్రికి వెళ్లింది. అక్కడి ల్యాబు నేలఅంతస్తులో, మెట్ల వెనక ఉంది. కిటికీ దగ్గర కళ్లజోడు పెట్టుకున్న ఒక పెద్దాయన కూర్చుని గాజుపలకల మీద నంబర్లు రాస్తున్నాడు. ఇంకో డాక్టరుకి చూపించుకోవాలి, స్లైడు కావాలని అడిగింది. అలా అడిగేవాళ్లు ఉంటారు కాబట్టి ఆయన సంతకం పెట్టించుకుని, చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఇచ్చాడు. "ఎండలో పెట్టకమ్మా," అన్నాడు.

ఆమె ఆ డబ్బాని చేతిసంచీలో పెట్టుకుని, సంచీని గుండెకి హత్తుకుని బస్సెక్కింది. తన ఒంట్లోని ముక్క తన ఒడిలో ప్రయాణం చేస్తోంది.

శనివారం మధ్యాహ్నం పిల్లలు అన్నాలకి పోయాక ల్యాబు తలుపు దగ్గరకి వేసింది. మంచి సూక్ష్మదర్శిని మీది గుడ్డ తీసింది. ఎన్ని వేల స్లైడ్లు పెట్టిన చెయ్యి! ఆ రోజు మూడోసారికి గానీ పలకని క్లిప్పు కింద దూర్చలేకపోయింది.

మొదట ఏమీ పోల్చుకోలేకపోయింది. ఉల్లికణాలు గోడలు కట్టుకున్న గదుల్లా వరసగా ఉంటాయి. ఇక్కడ గోడలూ లేవు, వరసా లేదు, చల్లేసిన ఆవాల్లా గుంపులు గుంపులుగా ఉన్నాయి. అద్దం మార్చి పెద్దది చేసింది. నెమ్మదిగా పలకని జరిపింది. ఖాళీ. ఖాళీ. ఊపిరి ఆడింది. ఇంకాస్త జరిపింది.

ఉంది. నడుమన బారుతీరి ఉంది. ఎంత చిన్నదైతేనేం, ఆ వాలకం ఆమె నిద్రలో కూడా గుర్తుపడుతుంది. దాని పక్కన ఇంకొకటి, రెండు చివరలకీ లాక్కుపోతోంది. కాస్త కింద మరొకటి. ఒకటి, రెండు, మూడు... తొమ్మిది దాకా లెక్కపెట్టి కళ్లు ఎత్తేసింది. పిల్లలైతే ఇన్ని దొరికినందుకు గంతులేసేవాళ్లు. ఎక్కడ విడిపోతుంటే అక్కడ ప్రాణం ఉన్నట్టు అని ఆమే చెప్తుంది కదా. ఇప్పుడు తన దవడ కింద వేరు కొస మొలిచింది. అది తనని తిని బతుకుతోంది.

స్టూలు మీద అలాగే కూర్చుండిపోయింది. అయితే మొగుడు అబద్ధమే చెప్పాడు. ఆసుపత్రివాళ్లు చెప్పమన్నారేమో, పన్ను కథ అల్లి ఇచ్చారేమో. అక్కకి నీరు పట్టిందని కథ అల్లలేదా?

ఆదివారమంతా ఆయన్ని గమనిస్తూ కూర్చుంది. రెండో కప్పు టీ అడక్కుండానే తెచ్చి ఇచ్చాడు. అమ్మో, ఎందుకిచ్చాడు? ఎప్పుడూ లేనిది పక్కదుప్పటి దులిపాడు. ఎందుకు దులిపాడు? అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా? మనిషి మంచిగా ఉంటేనే ఆమెకి భయం రెట్టింపయింది. అడుగుదామని నోటిదాకా వచ్చేది. అడిగితే ఆయన నిజం చెప్పేస్తే? ఆ భయం ఇంకోటి. మింగలేక కక్కలేక అలాగే ఉంది.

సోమవారం పొద్దున్న మంచం మీంచి లేవబుద్ధి కాలేదు. కాలేజీకి చేరేసరికి పది దాటింది. కిటికీలో పన్నెండు గ్లాసుల మీద పన్నెండు పాయలు వేళ్లు వేలాడేసుకుని ఉన్నాయి. ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఆమె వేళ తప్పింది. ఎవరికి తెలుస్తుందిలే అని పదిన్నరకి కత్తిరించి సీసాలో పడేసింది.

మంగళవారం అందరికీ తెలిసింది.

"ఉల్లక్కా, మా స్లైడులో అన్నీ నిద్రపోతున్నాయి!"

"అక్కా, ఒక్కటి కూడా విడిపోవడం లేదు, చూడు!"

పదిమంది ఒకేసారి అరుస్తుంటే ఆమెకి తల దిమ్మెక్కింది. "విడిపోకపోతే మంచిదే! పెరగకపోతే చచ్చిపోతామా?" అని గట్టిగా అరిచింది. పిల్లలమీద ఆమె ఎప్పుడూ గొంతు ఎత్తింది లేదు. మేడమ్ వచ్చి, "ఏమైంది ఉల్లక్కా, ఒంట్లో బాలేదా?" అని భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి మెడకి ఎక్కడ తగులుతుందోనని ఆమె వెనక్కి జరిగింది. తలనొప్పి అని చెప్పి, సంచీ తీసుకుని బయటపడింది.

ఆసుపత్రి మెట్ల వెనక కిటికీ దగ్గర అదే కళ్లజోడు పెద్దాయన. ఆమె డబ్బా బల్ల మీద పెట్టింది.

"అన్నగారూ, నాకు ఎంత కాలం ఉంది?"

ఆయన బిత్తరపోయాడు. "ఏ డాక్టరు చూశారమ్మా ఇది?"

"నేనే చూశాను. తొమ్మిది దొరికాయి. నడుమన బారుతీరిన మధ్యస్థ దశలోవి ఐదు, రెండు పక్కలకీ లాగే చలన దశలోవి నాలుగు. మీరు నాకు అబద్ధం చెప్పొద్దు. నేను కూడా ల్యాబు మనిషినే."

ముందు ఆయనకి నవ్వొచ్చింది. ఆమె మొహం చూసి నవ్వు మింగేశాడు. ఎక్కడ పనిచేస్తుందో, ఏం చేస్తుందో అడిగాడు. ఉల్లివేళ్లు అని విన్నాక లేచి పక్క తలుపు తీశాడు.

"లోపలికి రా చెల్లెమ్మా. నేను డాక్టర్ని కాదు. రిపోర్టు రాసేది డాక్టరమ్మ, పక్కగదిలో ఉన్నారు. కావాలంటే ఆవిడ చెప్తారు. కానీ చెప్తే నువ్వు వినేలా లేవు. కాబట్టి చూడు."

బీరువాలోంచి ఒక పాత చెక్కపెట్టె తీశాడు. కొత్తగా చేరినవాళ్లకి నేర్పడానికి దాచిన స్లైడ్లట. పేర్లుండవు, నంబర్లే. అందులోంచి ఒకటి తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టి స్టూలు జరిపాడు.

ఆమె వంగి చూసింది. చూసి వెనక్కి తగ్గింది. మళ్లీ చూసింది. కణాలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, పొంతన లేదు. విడిపోతున్నది ఒకటి కనబడింది, రెండుగా కాదు, మూడు వైపులకి లాగుతోంది. ఇంకోదాంట్లో క్రోమోజోములు చెదిరిన జుట్టులా పడి ఉన్నాయి. ఇరవై రెండేళ్లలో ఏ ఉల్లివేరూ అలా విడిపోవడం ఆమె చూడలేదు.

"ఇది ఆ రోగం," అన్నాడాయన. "ఇప్పుడు నీది పెడతాను, చూడు."

చూసింది. బారుతీరినవి నడుమనే బారుతీరి ఉన్నాయి. విడిపోయేవి సరిగ్గా రెండుగా, సమంగా విడిపోతున్నాయి. చుట్టూ చిన్నవీ పెద్దవీ ఎన్నో ఉన్నా, దేని చోట అది ఉంది.

"మరి ఎందుకు విడిపోతున్నాయి?"

"పన్నులో చీము పట్టిందా లేదా? ఆ చీముతో కొట్లాడటానికి ఒంటికి జనం కావాలి. వాళ్లు తయారయ్యేది దవడ కింద వాచిన ఈ గ్రంథిలోనే. ఒకటి రెండయితే కదా జనం వచ్చేది! విడిపోతోంది అంటే రోగం అని నీకెవరు చెప్పారు? ఆ లెక్కన మీ ఉల్లిపాయలన్నిటికీ రోగమే."

ఆమె మొదటి స్లైడు మళ్లీ పెట్టమంది. మళ్లీ తనది. అలా నాలుగుసార్లు మార్పించుకుంది. ఆయన విసుక్కోలేదు. నాలుగోసారి తల ఎత్తినప్పుడు కళ్లల్లో నీళ్లు నిండి అన్నీ మసకగా కనిపించాయి.

"ఆ మొదటిది ఎవరిది అన్నగారూ?"

"ఎవరిదోనమ్మా. ఆరేడేళ్ల కిందటిది."

ఇంకేం అడగలేదు. ఎవరిదైనా కావచ్చు. ఆవిడ పక్కన కూర్చుని కూడా ఎవరో ఒకరు ఏం లేదు అని చెప్పే ఉంటారు. ఆ మనిషి ఎన్ని రోజులో ఇలాగే, అందరి మొహాలూ వెతుక్కుంటూ, అడగలేక, ఒంటరిగా వణికిపోయి ఉంటుంది. అక్క అయితే పద్నాలుగు నెలలు. తాను ఐదు రోజులకే ఇలా అయిపోయింది.

ఇంటికి వచ్చేసరికి మొగుడు పొద్దుటి డ్యూటీ దిగి, అన్నం డబ్బా కడుక్కుంటున్నాడు. ఆమె చెప్పులు కూడా విడవకుండా అంతా చెప్పేసింది. స్లైడు తెచ్చుకున్నదీ, తొమ్మిది లెక్కపెట్టిందీ, వేళ తప్పిందీ, మూడు వైపులకి లాగే కణమూ, అన్నీ.

ఆయన డబ్బా తొట్టిలో పడేశాడు. "ఐదు రోజులా! నేను చెప్తే నమ్మవు, గాజుముక్క చెప్తే నమ్ముతావా? ఆ రిపోర్టు నేను మూడు చోట్ల చదివించుకున్నానే! కౌంటరులో అమ్మాయి చెప్పింది, డాక్టరు చెప్పాడు. అయినా భయమేసి బస్టాండులో మందుల కొట్టువాడితో కూడా చదివించుకుని అప్పుడు ఇంటికొచ్చాను. ముగ్గురూ ఏం లేదన్నారు."

"నిజమే చెప్పారు. నేనే నమ్మలేదు. మా అక్కకి కూడా అదే మాట చెప్పాను మరి."

ఆయన తడిచేతులు లుంగీకి తుడుచుకుని గట్టు మీద కూర్చున్నాడు. "అలా చెప్పమన్నది నేనేగా," అన్నాడు.

అవును, ఆయనే. ఆ మాట ఏడేళ్లుగా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఆమె వెళ్లి పక్కన కూర్చుంది.

"ఇప్పటికి ఏం లేదు. సరే. రేపెప్పుడో నిజంగా ఉందనుకోండి. అప్పుడు నాకు చెప్తారా?"

"ఛ, ఏం మాటలవి?"

"చెప్తారా లేదా? ఒట్టేసి చెప్పండి."

ఆయన ఆమె దవడ కింద గడ్డవైపు చూశాడు. కుళాయి సరిగ్గా కట్టలేదేమో, నీళ్లు డబ్బా మీద చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి.

"చెప్పలేనేమోనే," అన్నాడు.

గురువారం నుంచి ఆయన అన్న మాటల్లో, ఎదురు ప్రశ్న వెయ్యకుండా ఆమె నమ్మిన మాట అదొక్కటే.